తెరిస్తే నీదే

పంతులమ్మ కుడిచేతికి కట్టుతో, ఎడమచేతిలో విరిగిన తలుపుగడియతో కొట్లోకి వచ్చింది. వస్తూనే ఆ గడియని బల్ల మీద ఠపీమని పెట్టింది.

"మీ తమ్ముడు ఇంకా దార్లోనే ఉన్నాడా అమ్మా?" అంది.

తాళాలక్కకి తలా తోకా అర్థం కాలేదు. ఆమె అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. తండ్రి పోయి తాళాల కొట్టు తన చేతికి వచ్చిన దగ్గర్నుంచీ చిన్నా పెద్దా అందరికీ ఆమె తాళాలక్కే. చేతిలో ఉన్న ఆకురాయి పక్కన పెట్టి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుంది.

"కూర్చోండి పంతులమ్మగారూ. ఆ చేతికేమైంది?"

"కూర్చోడానికి రాలేదు. మొన్న పొద్దున స్నానాలగదిలో గడియ బిగుసుకుపోయింది. ఇంట్లో నేనొక్కదాన్నే. నా అదృష్టం బాగుండి ఫోను లోపలికి పట్టుకెళ్ళాను. మీ కొట్టు ఫోనుకే చేశాను. మీ తమ్ముడే ఎత్తాడు. 'వస్తున్నానండీ, దార్లో ఉన్నా' అన్నాడు. ఎంతకీ రాకపోతే మళ్ళీ చేశాను. 'మలుపు తిరిగానండీ' అన్నాడు. ఆ తర్వాత ఎత్తడమే మానేశాడు. తడి నేల మీద నిలబడీ నిలబడీ కళ్ళు తిరిగి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాను. పక్కింటివాళ్ళు తలుపు బద్దలుకొట్టి బయటికి లాగారు." ఆవిడ కొట్టు నాలుగు మూలలా చూసింది. "ఇంకా ఆ మలుపే తిరుగుతున్నాడేమో, కనుక్కుపోదామని వచ్చా."

తాళాలక్క నోరు ఎవరూ పిలవకుండానే పరుగెత్తుకొచ్చింది. "మొన్న వాడికి ఒళ్ళు తెలియని జ్వరమండీ. ఏం మాట్లాడాడో వాడికే తెలీదు. నేను ఇంట్లో లేను, ఉంటే..."

ఆ మాట పూర్తి కాకముందే వెనకగదిలోంచి గలగలమని బంగారు నాణేలు రాలిన చప్పుడు, ఆ వెంటనే బాకాలు ఊదిన చప్పుడు వినిపించాయి.

పంతులమ్మ ఒక క్షణం ఆగి విన్నది. "జ్వరం బాగానే మోగుతోంది," అంది.

ఆ మాటకి తాళాలక్క తల భూమిలో కూరుకుపోయినట్టయింది. పంతులమ్మ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. ఈసారి గొంతులో వెటకారం లేదు. "పోలీసుల దగ్గరికి వెళ్దామనే బయల్దేరాను. మా అన్నయ్య గుర్తొచ్చి ఇటు తిరిగాను. పేకాటలో పోయాడు ఆయన. అది జబ్బని మాకెవరికీ తెలీదు, తిట్టీ కొట్టీ చంపుకున్నాం. నీ తమ్ముణ్ణి పెద్దాసుపత్రిలో చూపించు. చూపించకపోతే నేను వెళ్ళాల్సిన చోటికి నేను వెళ్తాను."

ఆవిడ వెళ్ళాక గడియ మాత్రం బల్ల మీద ఉండిపోయింది. తాళాలక్క దాన్ని చేతిలోకి తీసుకుని విసురుగా వెనకగదిలోకి నడిచింది. తమ్ముడు స్టూలు మీద ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. నలభై దాటినవాడు, ముఖం మాత్రం ఫోను వెలుగులో పదేళ్ళ పిల్లాడిలా ఉంది. తల ఎత్తకుండానే, "ఒక్క నిమిషం అక్కా, ఇంకో పెట్టె తెరుచుకోబోతోంది," అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో తాళాలక్కకి ఆ క్షణంలో తెలిసింది.

"ముసలావిడ తడి నేల మీద పడి చెయ్యి విరగ్గొట్టుకుందిరా! నువ్వు మలుపు తిరుగుతున్నావా? ఏ మలుపురా? ఈ స్టూలు దిగావా అసలు?"

అతను ఫోను ఒళ్ళో బోర్లించాడు. పాలిపోయాడు. "వెళ్దామనే అనుకున్నానక్కా. ఒట్టు. చెప్పులు కూడా వేసుకున్నాను."

"వేసుకుని?"

తాళాలక్క గడియని అతని కాళ్ళ దగ్గరికి గిరాటేసి ఫోను లాక్కుంది.

ఆ ఆట గురించి ఆమెకి తెలిసింది కొంచెమే, తెలిసినంతలో దాని పేరు చెప్తేనే ఒళ్ళు మండేది. కోటలు కట్టాలి, యుద్ధాలు చెయ్యాలి, గెలిస్తే పెట్టెలిస్తారు. పెట్టె వెంటనే తెరుచుకోదు, గంటల కొద్దీ కాచుక్కూర్చోవాలి. తీరా తెరుచుకుంటే లోపల చెత్త ఉండొచ్చు, ఏ కత్తో కిరీటమో ఉండొచ్చు. ముఖం కూడా ఎరగని జనం ఒక గుంపుగా చేరి ఇతన్ని సేనాపతీ అని పిలుస్తారు. కొట్లో మాత్రం తాళంచెవి పోగొట్టుకుని వచ్చినవాడు "ఏవయ్యా, ఎంతసేపు?" అంటాడు. ఎక్కడుండబుద్ధేస్తుందో చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు.

ఒకప్పుడు ఇదే మనిషి తాళంకప్పని చెవికి ఆనించుకుని, కొక్కెం తీగ లోపల తిప్పుతూ, కళ్ళు మూసుకుని వినేవాడు. లోపలి పిన్నులు ఒక్కొక్కటే లేస్తుంటే అతని పెదాలు కదిలేవి. తండ్రికంటే మంచి చెవి ఉన్నవాడని ఊరంతా అనేవారు. తర్వాత అంకెలు నొక్కే తలుపులొచ్చాయి, కార్డు తాకిస్తే తెరుచుకునే గదులొచ్చాయి. కొట్టుకి మిగిలింది నకలు తాళంచెవులు కొయ్యడం. దానికి మిషనుంది. మిషనుకి చెవి అక్కర్లేదు.

మరదలు ఆ చెవినే చూసి మురిసి పెళ్ళి చేసుకుంది. రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది, ఇంట్లో గట్టిగా మాట్లాడి ఎరగదు. వేసవి మొదట్లో ఒకనాడు కూతురి చెయ్యి పట్టుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. "ఆటాడితే ఆడనివ్వండి వదినా, అది నేను భరించగలను. ఆడలేదని నా కళ్ళలోకి చూసి చెప్తున్నాడు, అది నా వల్ల కాదు," అంది వెళ్తూ వెళ్తూ. వేరే ఊళ్ళో ఉద్యోగం చూసుకుంది. పిల్ల బడి విషయం తేలగానే వచ్చి, మిగిలిన సామాను పట్టుకుపోయి, ఇంటి తాళంచెవి అప్పగించేస్తానంది.

మనుషులు గుమ్మం దాటి వెళ్ళిపోవడం తాళాలక్కకి కొత్త కాదు. భర్త ఉద్యోగమని వెళ్ళి అక్కడే ఇంకో ఇల్లు చూసుకున్నాడు. తల్లి ఆసుపత్రికని వెళ్ళి రాలేదు. వెళ్ళేవాళ్ళ చెప్పుల చప్పుడు వీధి చివరిదాకా వినడం ఆమెకి ఎప్పుడో అలవాటైపోయింది. ఆ చప్పుడు ఈసారి ఆపాలనుకుంది. అందుకే ఆదివారం ఆదివారం మరదలికి ఫోను చేసేది. "ఆయన ఆడుతున్నాడా వదినా?" అని అటునుంచి అడగ్గానే, "లేదమ్మా, పూర్తిగా మానేశాడు. నీమీదా పిల్లమీదా బెంగపెట్టుకున్నాడు," అని ఇటునుంచి చెప్పేది. పక్కగదిలో బాకాలు మోగకుండా తలుపు వేసుకుని మరీ చెప్పేది.

ఇక వాణ్ణి మాన్పించడానికి ఆ ఇంట్లో తెలిసిన వైద్యం ఒక్కటే. తండ్రి వదిలిపోయిన చిన్న ఇనప్పెట్టెలో ఫోను పడేసి తాళం వెయ్యడం. తాళం వేస్తే తీసేవాడు. ఇంకా గట్టిది వేస్తే అదీ తీసేవాడు. తీసి, ఆడుకుని, మళ్ళీ ఉన్నది ఉన్నట్టు వేసేసేవాడు. చివరికి తాళాలక్క పనులన్నీ పక్కనపెట్టి, తండ్రి నేర్పిన విద్యంతా రంగరించి, తన చేతులతో ఒక తాళంకప్ప తయారుచేసింది. లోపల దొంగపిన్నులు పెట్టింది. తీగ పెడితే పట్టుకుని వదలకుండా కొక్కేలు పెట్టింది. ఇదెలా తీస్తావో చూస్తానురా అని పళ్ళు నూరుతూ పెట్టెకి బిగించింది. పంతులమ్మ వచ్చిన రోజు పొద్దున మాత్రం, కూతురితో మాట్లాడి ఇచ్చేస్తానని అతను బతిమాలితే తనే తాళం తీసి ఫోనిచ్చింది.

ఇప్పుడు పంతులమ్మ వెళ్ళాక మళ్ళీ ఆ పనే చేసింది. ఫోను పెట్టెలో పడేసి, ఆ తాళమే వేసి, తాళంచెవి కొంగుకి ముడేసుకుని, తమ్ముణ్ణి రెక్క పట్టుకుని ఆసుపత్రికి బయల్దేరదీసింది.

*

డాక్టరమ్మ వయసు తాళాలక్క కూతురంత ఉంటుంది, కూతురంటూ ఉంటే. గదిలో బల్ల, మూడు కుర్చీలు, గోడకి ఆగిపోయిన గడియారం. ఆగిన గడియారాన్ని బాగుచేయించుకోలేనివాళ్ళు మనిషినేం బాగుచేస్తారని తాళాలక్క లోపల్లోపల సణుక్కుంది.

"ఇంజెక్షనుందా దీనికి?" అంది కూర్చోకుండానే.

"లేదమ్మా."

"మాత్రలు?"

"నిద్ర, దిగులు, ఇంకేమైనా ఇబ్బందులుంటే చూసి, అవసరమైతే ఇస్తాం. ఈ అలవాటుకి అసలు వైద్యం మాటలతోనే, పనులతోనే."

"మాటలా? మాటలు నా దగ్గర బోలెడున్నాయి. పొద్దున్నుంచీ వేస్తూనే ఉన్నా డోసులు."

డాక్టరమ్మ నవ్వలేదు. ఆ పిల్ల నవ్వకపోవడం తాళాలక్కకి ఇంకా మంట పుట్టించింది.

"వాడు తాగడు, సిగరెట్టు ముట్టడు. ఒంట్లోకి పోయిందంటూ ఏమీ లేదు. దీన్ని జబ్బంటే ఎట్లా నమ్మమంటారు? బుద్ధిలేనితనం అనండి, ఒప్పుకుంటా."

"ఒంట్లోకి ఏమీ పోనక్కర్లేదమ్మా. ఇప్పుడు వస్తుందో ఇంకాసేపటికి వస్తుందో తెలియని బహుమతి కోసం కాచుకోవడం మెదడుకి మహా ఇష్టం. ప్రతిసారీ వస్తే విసుగు పుడుతుంది. అసలు రాకపోతే వదిలేస్తుంది. వచ్చీ రానట్టు ఊరిస్తే అతుక్కుపోతుంది. ఆ ఆటలు తయారుచేసేవాళ్ళకి ఇది బాగా తెలుసు. తెలిసే చేస్తారు."

"తెలిసి చేస్తారా?" తాళాలక్క కుర్చీలో కూలబడింది. "దొంగముండాకొడుకులు! మేం దొంగలొస్తారని తాళాలు చేస్తుంటే వీళ్ళు తిన్నగా ఇంట్లోకే దూరారన్నమాట!"

డాక్టరమ్మ తమ్ముడి వైపు తిరిగింది. "మీరు తాళాలు తీసే పని చేస్తారు కదా. తాళం తీస్తున్నప్పుడు ఎప్పుడు హాయిగా అనిపిస్తుంది మీకు? తెరుచుకున్నప్పుడా?"

అతను పొద్దున్నుంచీ మొదటిసారి తల ఎత్తాడు. "తెరుచుకున్నాక ఏముందండీ, ఎవరి తలుపో తెరుచుకుంటుంది. దానికి ముందు. చివరి పిన్ను లేవబోతుంది చూడండి, లేస్తుందో లేవదో తెలీదు, అప్పుడు. అప్పుడు ఊపిరి కూడా తీసుకోబుద్ధి కాదు."

"ఆటలో పెట్టె తెరుచుకోబోతున్నప్పుడు?"

అతను తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. "అదే," అన్నాడు.

"ఇప్పుడు ఫోను ఎక్కడుంది?"

జవాబు తాళాలక్క ఇచ్చింది, కొంగు ముడి ఎత్తి చూపిస్తూ. "ఇంట్లో ఇనప్పెట్టెలో. నా చేత్తో చేసిన తాళం వేసొచ్చాను. వీడు కాదు కదా, వీణ్ణి పుట్టించిన బ్రహ్మ కూడా తియ్యలేడు."

తమ్ముడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వు ఆగలేదు. నవ్వుతూ ఉండగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అది మొన్ననే తీశానక్కా. నీ జన్మలో అంత మంచి తాళం చెయ్యలేదు నువ్వు. పంతులమ్మగారు కొట్టు ఫోనుకి చేసినప్పుడు ఇనప్పెట్టె నా ఒళ్ళోనే ఉంది. చివరి పిన్ను మీద ఉన్నాను. చెప్పులు వేసుకునే ఉన్నాను."

తాళాలక్క చేతిలో కొంగు ముడి అలాగే ఉండిపోయింది.

"ఆట కోసం కాదా?" డాక్టరమ్మ మెల్లిగా అడిగింది.

"ఆట తర్వాత. మొదట తాళం." అతను అక్క వైపు చూడకుండా చెప్పాడు. "మా నాన్న మాకు పని నేర్పింది ఆ పెట్టెతోనే. గోలీలో, బొమ్మో, చాక్లెట్టో ఏదోటి లోపల పడేసి తాళం వేసి, 'తెరిస్తే నీదే' అనేవాడు. ఒక్కోసారి లోపల ఏమీ పెట్టేవాడు కాదు. తెరిచాక ఖాళీగా ఉంటే మేం ఏడుస్తుంటే ఆయన పడీ పడీ నవ్వేవాడు. అక్క ఫోనుకి తాళం వేసిన ప్రతిసారీ నాకు ఆ మాటే వినపడేది. ఫోను బల్ల మీదుంటే ఒక్కోసారి మర్చిపోయేవాణ్ణేమో. పెట్టెలో పెడితే మాత్రం ఆగలేను."

తాళాలక్క దిగ్గున లేచింది. కుర్చీ వెనక్కి పడింది.

"అయితే చేసిందంతా నేనేనా? నేను వాడికి పెట్టి పోషించి, ఊళ్ళో వాళ్ళందరికీ సమాధానాలు చెప్పి, రాత్రీ పగలూ కుళ్ళి చస్తుంటే, చివరికి నేరం నాదా? చచ్చిపోయిన మా నాన్నదా? ఆవిడ చెయ్యి విరగ్గొట్టింది కూడా నేనేనని రాసివ్వండి, సంతకం పెడతా!"

విసవిసా వరండాలోకి వెళ్ళిపోయింది. అక్కడ బెంచీ మీద వరసగా కూర్చున్నవాళ్ళంతా ఆమెనే చూశారు. వాళ్ళని కూడా కొరకొరా చూసింది. మెట్లదాకా వెళ్ళింది. చేతిసంచి లోపలే ఉండిపోయిందని అప్పుడు గుర్తొచ్చింది. సంచి లేకుండా బస్సెక్కలేదు. తన కోపానికి కూడా ఇంత గతిలేదా అనుకుంటూ కాళ్ళీడ్చుకుంటూ మళ్ళీ గదిలోకి వచ్చింది.

డాక్టరమ్మ కుర్చీ లేపి నిలబెట్టి ఉంచింది. "తప్పెవరిదని నేను అడగలేదమ్మా. తాళం పనిచేస్తోందా అని అడుగుతున్నా."

"పనిచెయ్యడం లేదని మీరే తేల్చారుగా! ఇంకేం చెయ్యమంటారు? ఎదురుగా పెట్టి దండం పెట్టమంటారా?"

"ఎదురుగా పెట్టండి. దండం అక్కర్లేదు."

ఆ తర్వాత డాక్టరమ్మ చెప్పినవి మరీ చిన్న విషయాలు. తాళాలక్కకి అవి వైద్యంలాగే అనిపించలేదు. ఆటని అతనే తన చేత్తో తీసెయ్యాలి, వేరేవాళ్ళు తీస్తే లెక్కలోకి రాదు. తనకంటూ మీటలు నొక్కే మామూలు ఫోను వాడాలి. ఆడాలనే కోరిక వస్తుంది, తప్పకుండా వస్తుంది. దానితో కుస్తీ పట్టకూడదు, పక్కనున్న మనిషికి పైకి చెప్పి, అది ఎలా పెరుగుతోందో ఎలా తగ్గుతోందో కాసేపు గమనించాలి. ఎంత పెద్దదైనా తగ్గుతుంది. ఏ వేళ వస్తోందో, దానికి ముందు ఏం జరిగిందో చూసుకోవాలి. ఆ వేళకి చేతికి నిజమైన పని ఉండాలి. వారం వారం ఇక్కడికి రావాలి. మధ్యలో ఒకసారి తప్పటడుగు పడితే అంతా అయిపోయినట్టు కాదు, ఎందుకు పడిందో కలిసి చూస్తారు.

"ఇక మీకొక్కటే," అంది తాళాలక్కతో. "ఆయన కోసం అబద్ధాలు చెప్పకండి. కొట్టుకొచ్చినవాళ్ళకి చెప్పొద్దు. ఆయన భార్యకి అసలు చెప్పొద్దు."

"నిజం చెప్తే అది వెళ్ళిపోతుంది!"

"ఇప్పుడు ఉందా అమ్మా?"

చెంప మీద కొట్టినా అంత మండేది కాదు. తాళాలక్క సంచి చంకన పెట్టుకుని బయటికి నడిచింది. ఆ వారమంతా తమ్ముడితో మాట్లాడకుండా, మాట్లాడాల్సినవన్నీ తాళంచెవులు కోసే మిషనుతో మాట్లాడింది.

*

అతను ఆట తీసేసిన రోజు ఎవరో పోయిన ఇంట్లో ఉన్నట్టుగా ఉంది. ఆ గుంపు వాళ్ళకి వెళ్ళొస్తానని కూడా చెప్పలేకపోయానని ముఖం మాడ్చుకున్నాడు. చేతులు ఊరికే ఉండలేక బల్ల అంచు గోకేవాడు. అయినదానికీ కానిదానికీ కస్సుమనేవాడు. ఫోను మాత్రం అటకమీద కాదు, పెట్టెలో కాదు, బల్ల మీద ఆకురాళ్ళ పక్కన అందరికీ కనపడేట్టు పడి ఉండేది. తాళాలక్క దాన్ని పాముని చూసినట్టు చూసేది.

"అక్కా, వస్తోంది," అనేవాడు ఒక్కోసారి, పని చేస్తూ చేస్తూ.

"ఎవరు?"

"ఎవరూ కాదు. ఆడాలనిపిస్తోంది."

"అయితే నన్నేం చెయ్యమంటావు, మంగళహారతివ్వనా?" అనేది. అని, చేతిలో పని ఆపి అతని పక్కన కూర్చునేది. కోపంగానే కూర్చునేది. కాసేపటికి అతను భుజాలు దించి, "పోయింది," అనేవాడు. ఆమె విసురుగా లేచి వెళ్ళిపోయేది.

పంతులమ్మ కోసం అతను స్నానాలగది గడియ ఒకటి తయారుచేశాడు. లోపల బిగుసుకున్నా బయటినుంచి నాణెం పెట్టి తిప్పితే తెరుచుకునేది. ఎన్నోసార్లు చేసి, పారేసి, మళ్ళీ చేశాడు. తీసుకెళ్ళి గుమ్మంలో నిలబడితే పంతులమ్మ, "అక్కడ పెట్టి వెళ్ళు. నువ్వు బిగించక్కర్లేదు, బిగించేవాణ్ణి వేరే పిలుచుకుంటా," అంది. అతను పెట్టి వచ్చేశాడు. ఆ మాట విని తాళాలక్క పంతులమ్మని కూడా దుమ్మెత్తిపోసింది, ఆవిడ లేనప్పుడు.

ఇంతలో మరదలు కబురు చేసింది, రేపు మధ్యాహ్నం వస్తున్నానని. సామాను కోసం.

వచ్చే రోజు పొద్దున తాళాలక్క కొట్టు తలుపులు తెరుస్తూ ఉంది. తమ్ముడు గుమ్మం పక్కన నిలబడి ఉన్నాడు, కళ్ళు గుంటలు పడి.

"అక్కా, నిన్న ఆడాను," అన్నాడు. "మళ్ళీ ఎక్కించుకుని, నువ్వు బజారుకెళ్ళిన దగ్గర్నుంచీ. పొద్దున తీసేశాను."

తాళాలక్క చేతిలోంచి తలుపు గొలుసు జారిపోయింది.

"నిన్న ఒకాయన పాత ట్రంకుపెట్టె తెచ్చాడు చూడు, నాన్న కాలంనాటి తాళం. చెవితో విని తీస్తానండీ అన్నాను. 'అంత తీరిక లేదు, కోసి పారెయ్' అన్నాడు. కోసిచ్చాను. మిషను పెట్టి. ఆయన వెళ్ళాక ఎందుకో..."

"నోర్ముయ్!" వీధంతా వినపడేట్టు అరిచింది. "ఈ రోజే దొరికిందా నీకు? మధ్యాహ్నం అది వస్తోందిరా! ఒక్క రోజు ఆగలేకపోయావా? ఒక్క రోజు! వెళ్ళిపోనీ, అందరూ వెళ్ళిపోనీ, నేనొక్కదాన్నే ఈ తాళాల మధ్య తుప్పుపట్టి చస్తా!"

లోపలికి పరుగెత్తి ఇనప్పెట్టె లాక్కొచ్చి బల్ల మీద ఎత్తేసింది. తను చేసిన తాళంకప్ప సొరుగులోంచి తీసింది. ఫోను పెట్టెలో పడేసింది.

తమ్ముడు అడ్డుపడలేదు. తాళం వైపు చూస్తున్నాడు. అతని కుడిచేతి వేళ్ళు వాటంతటవే మెల్లిగా కదులుతున్నాయి, తీగ తిప్పుతున్నట్టు. ఆమెకి అది కనపడింది.

తాళంకప్ప నొక్కలేక, కింద పెట్టలేక అలాగే పట్టుకుని నిలబడింది.

"దానికి మాత్రం చెప్పకు," అంది చివరికి, గొంతు తగ్గించి. "అడిగితే నేను చూసుకుంటాను."

"అడిగితే చెప్తానక్కా."

"చెప్పావంటే నా శవాన్ని చూస్తావు."

మరదలు అనుకున్నదానికంటే ముందే వచ్చింది. ఇంటి తాళంచెవి చేతిలోనే పట్టుకుని వచ్చింది, ఎక్కువసేపు ఉండనని చెప్పడానికన్నట్టు. దాన్ని బల్ల మీద పెట్టింది. మూత తీసి ఉన్న పెట్టెనీ, అందులో ఫోనునీ, వదిన చేతిలో తాళంకప్పనీ చూసింది. తర్వాత మొగుణ్ణి కాదు, వదిననే అడిగింది, ప్రతి ఆదివారం అడిగినట్టే.

"ఆయన ఆడుతున్నాడా వదినా?"

తమ్ముడు నోరు తెరవబోయాడు. తాళాలక్క అతనికి సందివ్వలేదు. ఎప్పటి మాట నాలుక చివరిదాకా వచ్చింది: లేదమ్మా, పూర్తిగా మానేశాడు. ఆ మాట నున్నగా, అరిగిపోయి, ఎన్ని తలుపులకో నకలు కోసిన తాళంచెవిలా ఉంది. ఒక్క తలుపూ తెరవలేదు అది. అది తలుచుకోగానే కడుపులోంచి కోపం తన్నుకొచ్చింది. తమ్ముడి మీద, ఆ ఆట చేసినవాళ్ళ మీద, పడీ పడీ నవ్విన తండ్రి మీద, అన్నిటికంటే ఎక్కువగా ఆ మాట మీదే.

"ఆడాడు!" అంది. "నిన్ననే ఆడాడు, వెధవ! నేను బజారుకెళ్తే ఆడాడు. అంతకుముందు ఇన్ని రోజులు ఆగాడు, ఆసుపత్రికి వెళ్తున్నాడు, వస్తోందీ పోయిందీ అని నా ప్రాణం తోడేస్తున్నాడు. పొద్దున తనే వచ్చి చెప్పాడు, నేను పట్టుకోలేదు. నిన్న ఆడాడు. వేసవిలో ఆడాడు. నేను మానేశాడని నీకు చెప్పిన ప్రతి ఆదివారం ఆడాడు. పంతులమ్మ చెయ్యి విరగడానికి వీడే కారణం. చాలా? ఇంకేమైనా కావాలా? వెళ్తే వెళ్ళు!"

బయట రిక్షా ఒకటి బెల్లు కొట్టుకుంటూ వెళ్ళిపోయింది.

మరదలు మెల్లిగా స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ ఇంటినుంచి వెళ్ళాక అక్కడ ఆమె కూర్చోవడం అదే మొదలు. మొగుడి వైపు చూసింది. "మీరే చెప్పారా?"

"చెప్పాను."

"ఎవరూ అడక్కుండా?"

"అడక్కుండానే."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత వదిన వైపు తిరిగింది, ఈసారి ఆమె గొంతు కూడా పదునెక్కింది. "ఆదివారాలు మీరు చెప్పేది అబద్ధమని నాకు తెలుసు వదినా. ప్రతిసారీ ఒకే గొంతుతో, ఒకే మాట. పాఠం అప్పజెప్పినట్టు. ఇంట్లో ఒకరు కాదు, ఇద్దరు నా చెవిలో పువ్వులు పెడుతున్నారని రోజూ రగిలిపోయేదాన్ని. ఆయన్ని వదిలి వెళ్ళానని మీరనుకున్నారు. సగం మిమ్మల్ని కూడా వదిలే వెళ్ళాను."

ఏదో ఒకటి అనాలని తాళాలక్క నోరు తెరిచింది, మాట రాలేదు. అలా జరగడం ఆమె ఎరగదు.

మరదలు వెళ్ళకుండా ఆగిపోలేదు. ఉద్యోగం అక్కడుంది, పిల్ల బడి అక్కడ తేలిపోయింది. సామాను సర్దుకుంది, తమ్ముడే మూట గట్టి రిక్షాలో పెట్టాడు. రిక్షా ఎక్కబోయి ఏదో మర్చిపోయినట్టు వెనక్కి వచ్చింది. బల్ల మీద పెట్టిన ఇంటి తాళంచెవి తీసుకుని సంచిలో వేసుకుంది.

"వచ్చే ఆదివారం ఫోను చెయ్యండి వదినా," అంది గుమ్మంలో నిలబడి. "ఇలాగే చెప్పండి. తిట్టుకుంటూనే చెప్పండి. అప్పుడు నమ్మబుద్ధేస్తుంది."

రిక్షా వీధి చివర తిరిగేదాకా తాళాలక్క చెవులప్పగించి విన్నది. తర్వాత లోపలికి వచ్చి, ఉలీ సుత్తీ తీసుకుని, తండ్రి ఇనప్పెట్టెకి తాళం తగిలించే కొక్కేన్ని ఊడగొట్టడం మొదలుపెట్టింది. పాత ఇనుము, ఒక పట్టాన లొంగలేదు. ఒక్కో దెబ్బకీ ఒక్కో తిట్టు తిట్టింది. తమ్ముడు సాయం చెయ్యబోతే, "దగ్గరికి రాకు!" అంది. కొక్కెం ఊడి ఎగిరి గోడకి తగిలింది. ఇప్పుడా పెట్టెలో ఆకురాళ్ళున్నాయి. మూత ఎప్పుడూ సగం తెరిచే ఉంటుంది, అది కూడా ఆమెకి చిరాకే.

ఆదివారం పొద్దున ఫోను చేసింది. అటునుంచి మరదలు ఎత్తగానే, అడగనివ్వకుండానే మొదలుపెట్టింది.

"ఈ వారం ఆడలేదు. గురువారం మాత్రం ఆడాలనిపించిందని నా పక్కన కూర్చుని బల్లంతా గోకి నాశనం చేశాడు. ఆసుపత్రిలో ఆ పిల్ల ఏదో కొత్త పని చెప్పింది, పాత తాళాలు సంతలో వెతికి తెచ్చి బాగుచెయ్యమంది. ఇల్లంతా తుప్పు. నా నెత్తిన తుప్పు. వచ్చే వారం సంగతి నాకు తెలీదు, నన్నడక్కు. ఏడీ పిల్ల, ఏం చేస్తోంది? పిలువు దాన్ని. ఇవ్వు ఫోను!"

పక్కగది తలుపు తెరిచే ఉంది. లోపల తమ్ముడు తుప్పుపట్టిన తాళంకప్ప ఒకటి చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని వింటున్నాడు. "చప్పుడు చెయ్యకక్కా," అన్నాడు.

"నా ఇంట్లో నేను చప్పుడు చెయ్యకూడదా?" అని ఆమె ఫోన్లోకే అరిచింది. అటువైపు పిల్ల ఎందుకో కిలకిలా నవ్వింది.